గోదావరి పులస జనను ఒడ్డున పొదిగించడం: రెండు సీజన్ల పని డైరీ

ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన, గౌతమి ఒడ్డున, కోటిపల్లి రేవుకు కొంత ఎగువగా ఉన్న మా చెరువు గట్టు మీద రెండు వరద సీజన్లలో ఎనిమిది సార్లు పులస గుడ్లను పొదిగించడానికి ప్రయత్నించాం. మొదటి నాలుగూ విఫలమయ్యాయి. తర్వాతి నాలుగింటిలో రెండు అంతంతమాత్రంగా, రెండు చెప్పుకోదగినంతగా ఫలించాయి. ఇంకెవరైనా ఈ పని తలపెడితే మా మొదటి సీజన్ ఖర్చు వారికి తప్పాలనే ఉద్దేశంతో లెక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

పనిచేసింది ఇద్దరం. నేను పదకొండేళ్లు సముద్రపు ఒడ్డున రొయ్యల హేచరీలో పనిచేసి, ఇప్పుడు ఊళ్లో చిన్న నర్సరీ చెరువు నడుపుతున్నాను. రెండో మనిషి ముప్పై ఏళ్లకు పైగా ఇదే పాయలో వల వేస్తున్న మత్స్యకారుడు. నేను ఆయనను బాబాయి అని పిలుస్తాను కాబట్టి ఈ డైరీలో కూడా బాబాయి అనే రాశాను.

పని మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసినవి

సముద్రంలో ఉన్నంతకాలం విలస అని పిలిచే చేపే వరదతో నదికి ఎర్రనీరు రాగానే ఏటికి ఎదురీది మంచినీటిలోకి వచ్చి పులస అవుతుంది. గుడ్లు పెట్టడానికే అది ఈ ప్రయాణం చేస్తుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, ఆ తర్వాత దాని స్థానంలో కట్టిన బ్యారేజీ దాని దారికి అడ్డుగోడలు కావడంతో, ఎదురెక్కే చేపలో ఎక్కువ భాగం ధవళేశ్వరం దిగువనే తిరుగుతుంది. వలలు కూడా అక్కడే ఎక్కువ. వలలో పడిన ఆడ పులస విలువలో పెద్ద భాగం దాని కడుపులోని జనదే, అంటే గుడ్లదే. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత చెప్పుకొని కొనేవారు జన లేని చేపను ఆ ధరకు కొనరు. అంటే నదిలో విడవవలసిన లక్షల గుడ్లు చింతపండు పులుసులో ఉడుకుతున్నాయి. ఆ జనలో కొంతనైనా చట్టిలోకి పోకముందే పిండి, పొదిగించి, నదికి మళ్లించవచ్చా, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నదే మా ప్రశ్న.

నేను చేసిన అసలు తప్పు ఇక్కడే మొదలైంది. సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేప అనగానే నాకు సాల్మన్ గుర్తుకు వచ్చింది. సాల్మన్ హేచరీల్లో ఒకదానిపై ఒకటి పేర్చిన ట్రేలలో గుడ్లు పరిచి, వాటి మీదుగా నీరు మెల్లగా పారిస్తారని చదివి, అదే అమరికను కాపీ కొట్టాను. నిజానికి ఆ రెండు చేపలకూ ప్రయాణంలో తప్ప గుడ్డులో పోలిక లేదు. సాల్మన్ చల్లని వాగుల్లో తోకతో గులకరాళ్లను తవ్వి గుంట చేసి, బఠాణీ గింజంత గుడ్లను అందులో పెట్టి కప్పుతుంది. అవి కదలకుండా వారాలు, నెలలు రాళ్ల సందుల్లో ఉండి పొదుగుతాయి. పులస గుడ్డు విడుదలైనప్పుడు 1 మిల్లీమీటరు కూడా ఉండదు, నీరు పీల్చి 2 మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది, ప్రవాహంలో దొర్లుతూ తేలుతూ ఒక్క రోజులోనే పిల్లవుతుంది. ఒకటి రాళ్ల కింద నిద్రపోయే గుడ్డు, మరొకటి నీటితో పాటు నడిచే గుడ్డు. ఈ తేడా తలకెక్కడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

మొదటి దశ: ట్రేల సీజన్

*మొదటి ప్రయత్నం, ఆగస్టు 9.* బాబాయి వలలో 1.3 కిలోల ఆడ పులస పడింది. 9,500 రూపాయలకు కొన్నాను. పులస వలలోంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోతుంది కాబట్టి పడవలోనే పొట్ట నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా నొక్కగా రక్తంతో కలిసి ముద్దలు ముద్దలుగా జన బయటికి వచ్చింది. ఆ ముద్దలో విడివిడిగా ఒక్క గుడ్డు కూడా లేదు. "మీరు నొక్కితే రాదండి, అదిస్తే మనం పుచ్చుకోవాలంతే," అన్నాడు బాబాయి. చేప నలిగిపోవడంతో తిరిగి 4,000 రూపాయలకే అమ్ముడుపోయింది. నికర నష్టం 5,500.

ఆ రోజు నుంచి ఒప్పందం మార్చుకున్నాం. చేపను నేను కొనను. పండిన ఆడచేప దొరికితే జన పిండుకొని చేపను బాబాయికే వదిలేస్తాను, జన పోయినందుకు పరిహారంగా 3,000 రూపాయలు ఇస్తాను. పోతు చేపకు 500. ఈ పని తలపెట్టేవారు ముందుగా కుదుర్చుకోవలసింది ఈ ఒప్పందమే.

*రెండో ప్రయత్నం, ఆగస్టు 17.* సాయంత్రం 6.20కి పండిన ఆడచేప దొరికింది. పైకెత్తగానే, నొక్కకుండానే లేత పసుపు గుడ్లు ఇసుకలా జారాయి. కానీ పోతు లేదు. రాత్రి 9 గంటల దాకా చూశాం, ఒక్కటీ పడలేదు. పోతు పులస ఆడదానికన్నా చిన్నది కావడంతో పెద్ద కన్ను వలలోంచి జారిపోతుందన్న సంగతి బాబాయికి తెలుసు గాని, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాడు పాత వల చివర చిన్న కన్ను ఉన్న నాలుగు బారల ముక్కను కుట్టించాం. పిండిన గుడ్లు సుమారు 52,000. ఫలదీకరణ సున్నా.

*మూడో ప్రయత్నం, ఆగస్టు 26.* రెండూ దొరికాయి. బేసిన్‌లో నది నీరు పోసి, అందులోకి గుడ్లు పిండి, ఆపైన పోతు పాలు, అంటే మగచేప వీర్యం, పిండాను. నీటిలో పడిన పాలు చురుకుదనం కోల్పోవడానికి ఎంతోసేపు పట్టదు. నేను పోతును చేతిలోకి తీసుకొని సర్దుకొనేసరికే సమయం మించిపోయింది. ఐదు గంటల తర్వాత 100 గుడ్లు తీసి చూస్తే 11 మాత్రమే ఫలదీకరణ చెంది తేటగా ఉన్నాయి, మిగిలినవి తెల్లని సగ్గుబియ్యంలా మారిపోయాయి. ఆ పదకొండు శాతం కూడా ట్రేలో 14 గంటలు దాటలేదు. ఎర్రనీటిలోని ఒండ్రు ప్రతి గుడ్డు మీద సన్నని పొరలా పేరుకొంది. వేలితో తడితే ఆ పొర బంకలా అంటింది. గుడ్లు 38,000.

*నాలుగో ప్రయత్నం, సెప్టెంబర్ 6.* ఈసారి పొడి పద్ధతి వాడాం, అంటే నీరు లేని బేసిన్‌లోనే గుడ్లను, పాలను కలిపి ఆ తర్వాత నీరు పోశాం. ఫలదీకరణ ఒక్కసారిగా 58 శాతానికి పెరిగింది. నీటిని కూడా ఒక రోజు పేరబెట్టి వాడాను. అయినా ట్రేలలో గుడ్లు మూడు నాలుగు పొరలుగా కుదురుకొని, అడుగు పొరలు ఊపిరాడక చచ్చాయి, చచ్చినవాటికి బూజు పట్టి పై పొరకు పాకింది. మర్నాడు మధ్యాహ్నం కొన్ని పిల్లలయ్యాయి. వాటిని లెక్కిద్దామని గ్లాసు తీసుకొచ్చేలోపు ట్రేలో ఏమీ లేవు. ట్రే చుట్టూ నేను కట్టింది ఇంట్లో ఉన్న దోమతెర. గుడ్డు దాని కన్నులోంచి పోదు. 3 మిల్లీమీటర్ల పొడవున్నా దారప్పోగులా సన్నగా ఉండే పిల్ల మాత్రం సులువుగా పోతుంది. కింది బకెట్టులో 40 దాకా బతికి కనిపించాయి, మిగిలినవి నీటితో కాలువలోకి పోయాయి. గుడ్లు 61,000.

మొదటి సీజన్ ముగిసేనాటికి మొత్తాలు:

- పిండిన గుడ్లు: 1,51,000
- ఫలదీకరణ చెందినవి: సుమారు 39,600
- కంటికి కనిపించిన పిల్లలు: 40
- నదికి వదిలినవి: 0
- ఖర్చు: చేపల మీద 16,000, ట్రేలు, చిన్న పంపు, సామాను 7,400, కలిపి 23,400 రూపాయలు

రెండో దశ: ఎండాకాలంలో చేసిన మార్పులు

ట్రేలన్నీ పక్కన పడేశాను. గుడ్డును ఆపి ఉంచడం మాని, ఎప్పుడూ కదులుతూ ఉండేలా చేయాలి. నీరు కింది నుంచి పైకి ఎగదన్నుతూ గుడ్లను నెమ్మదిగా దొర్లించే జాడీ కావాలి. అటువంటి గాజు జాడీలు కొనే స్తోమత నాకు లేదు. వీధి వీధికీ తిరిగే 20 లీటర్ల తాగునీటి క్యాన్‌ను తలకిందులు చేస్తే దాని మెడే గరాటు అవుతుందని తట్టింది. తయారీ ఇలా:

1. క్యాన్ అడుగు భాగాన్ని హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచును ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. అంచు గరుకుగా ఉంటే పిల్లలకు గాయాలవుతాయి.
2. మూతకు రంధ్రం చేసి అర అంగుళం పీవీసీ పైపు, దానికి బాల్ వాల్వు బిగించాలి. నీరు ఇక్కడి నుంచి పైకి వస్తుంది.
3. క్యాన్‌ను తలకిందులుగా చెక్క స్టాండులో నిలిపి, పై అంచుకు నాలుగు వేళ్ల కిందుగా పొర్లు పైపు పెట్టాలి.
4. పొర్లు పైపు ముందు రొయ్యల హేచరీల్లో వాడే సన్నని మెష్ గుడ్డను, 300 మైక్రాన్లది, ఉంగరంలా కట్టాలి. దోమతెర వద్దు.
5. ఆ ఉంగరం కనీసం జానెడు వెడల్పు ఉండాలి. చిన్నదైతే నీటి పీల్పు అంతా ఒకేచోట పడి పిల్లలు గుడ్డకు అతుక్కుపోతాయి.

గుడ్లకు బదులు నానబెట్టిన సగ్గుబియ్యంతో నీటి వేగాన్ని సరిచూశాను. అవి బరువైనవి కాబట్టి ఆ లెక్క తప్పని తర్వాత తేలింది. వాల్వును తిప్పే కోణం మీద కాక, పొర్లే నీటిని లీటరు మగ్గులో పట్టి ఫోనులో సమయం చూడడం మీద ఆధారపడాలి. అసలు గుడ్లతో మాకు కుదిరింది లీటరుకు 50 సెకన్లు, అంటే నిమిషానికి 1.2 లీటర్లు. దీనిలో సగానికి తగ్గిస్తే గుడ్లు మెడలో కూరుకుపోయాయి. 3 లీటర్లకు పెంచితే అన్నీ మెష్ మీదికి ఎగిరాయి.

ఇక నీరు. ఎర్రనీటిని తేటపరచడమే ఈ పనిలో అన్నిటికన్నా విసుగు పుట్టించింది. తెలుపు నలుపు రంగులు వేసిన గుండ్రటి రేకును తాడుతో నీటిలోకి దించి, అది కనుమరుగయ్యే లోతును కొలిచేవాణ్ని. ఆగస్టు నది నీటిలో ఆ లోతు 6 సెంటీమీటర్లు. పటిక వేస్తే గంటలో తేటపడింది గాని పీహెచ్ 7.8 నుంచి 6.9కి పడిపోయింది. పటిక నీటిని గుడ్ల మీద ప్రయోగించే ధైర్యం చేయలేదు. మా నాయనమ్మ వరద రోజుల్లో ఇండుపగింజను బానలో అరగదీసి నీళ్లు తేర్చేది. ఆ కిటుకు బానకు ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ వెయ్యి లీటర్లకు గింజలు అరగదీయడానికి నాకు ఒక పూట పట్టి, చేతులు బొబ్బలెక్కాయి. చివరికి పాత వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడు కొని, మొదటిదానిలో 48 గంటలు పేరబెట్టి, పై నీటిని మాత్రమే రెండోదానిలోని ఇసుక, గులక పొర గుండా దించి, మూడోదాని నుంచి జాడీలకు ఇచ్చాను. మూడో ట్యాంకులో రేకు 55 సెంటీమీటర్ల దాకా కనిపించింది. అది చాలింది.

లెక్కించే పద్ధతిని కూడా అప్పుడే ఖాయం చేసుకున్నాం. ఉబ్బిన గుడ్లను ప్లాస్టిక్ స్కేలు పక్కన 20 వరుసగా పేరిస్తే 40 మిల్లీమీటర్లు వచ్చాయి, అంటే ఒక్కొక్కటి 2. కొలజాడీలో 1 మిల్లీలీటరు గుడ్లను మూడుసార్లు లెక్కించగా 143, 151, 147 వచ్చాయి. సగటు 147. ఇక మీద అన్ని అంకెలూ ఈ సగటు మీద వేసినవే. మొదటి సీజన్ గుడ్ల అంకెలను కూడా అప్పుడు రాసుకున్న మిల్లీలీటర్ల నుంచి దీనితోనే తిరిగి లెక్కకట్టాను.

ఖర్చు: క్యాన్లు 8కి 1,200, పైపులు, వాల్వులు 3,150, మెష్ గుడ్డ 1,900, ట్యాంకులు 8,400, ఇన్వర్టరు బ్యాటరీ 11,500, ఆక్సిజన్ పరీక్ష కిట్టు, థర్మామీటరు 2,650. కలిపి 28,800. ఇప్పటి దాకా మొత్తం 52,200 రూపాయలు.

మూడో దశ: పడవలో పని

నాలుగో ప్రయత్నంలో మొదలుపెట్టి, రెండో సీజన్‌లో స్థిరపడిన పొడి పద్ధతి ఇది. ప్రతి అంకమూ ఏదో ఒక పొరపాటు తర్వాత చేరిందే.

1. స్టీలు బేసిన్ పూర్తిగా పొడిగా ఉండాలి. చేప పొట్టను, ముఖ్యంగా గుదం చుట్టూ, పొడి గుడ్డతో తుడవాలి. పులస పొలుసు ఇట్టే రాలుతుంది కాబట్టి రుద్దకూడదు, అద్దాలి.
2. బొటనవేలితో రొమ్ము నుంచి తోక వైపు ఒక్కసారి నిమరాలి. విడివిడిగా జారితే సరే. ముద్దగా వచ్చినా, రక్తపు చార కనిపించినా అక్కడితో ఆపి, చేపను బాబాయికి ఇచ్చేయాలి.
3. పోతులు ముందే దొరికి ఉండాలి. కనీసం రెండింటి పాలు నిమిషంలోపు గుడ్ల మీద పిండాలి.
4. కోడి ఈకతో కలపాలి. చేత్తో కలిపితే గుడ్లు నలుగుతున్నాయని ఐదో ప్రయత్నంలో చూశాం.
5. నిమిషం ఆగి, తేటనీరు గ్లాసుడు పోసి మళ్లీ ఈకతో రెండు నిమిషాలు కలపాలి.
6. నీటిలో పాల తెలుపు పోయేదాకా నాలుగుసార్లు నీరు మార్చి, బకెట్టులో గంటపాటు ఉబ్బనివ్వాలి. బకెట్టును పడవ అడుగున కాక ఒళ్లో పెట్టుకోవాలి. ఇంజిను అదురు అడుగు చెక్కల మీద ఎక్కువ.

రెండో సీజన్‌లో నాలుగు పడవల వాళ్లం కలిసి 22 సాయంత్రాలలో చూసిన ఆడ పులసలు 27. వాటిలో నిమిరితే జన జారినవి 5. ఆ ఐదింటిలో నాలుగు సాయంత్రం 5.30కీ రాత్రి 8కీ మధ్య పడ్డవే. పొద్దున పడిన చేపలో ఎంత జన ఉన్నా జారలేదు. ఈ అంకె తెలిసి ఉంటే మొదటి సీజన్‌లో తెల్లవారుజామున పడవలో కూర్చున్న రోజులన్నీ నాకు మిగిలేవి.

నాలుగో దశ: జాడీల సీజన్

*ఐదో ప్రయత్నం, జూలై 30.* గుడ్లు 74,000. ఫలదీకరణ 66 శాతం. ఆత్రంతో జాడీకి 250 మిల్లీలీటర్ల చొప్పున రెండింటిలోనే అన్నీ పోశాను. రాత్రి 11 గంటల దాకా బాగా దొర్లాయి. 3.40కి కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ తీగ బిగువు సడలి ఉన్న సంగతి చూసుకోలేదు. పంపు ఆగింది. నేను గట్టు మీద మంచంలో నిద్రపోతున్నాను. నీటి చప్పుడు ఆగిన నిశ్శబ్దానికి మెలకువ వచ్చి చూసేసరికి 25 నిమిషాలు గడిచిపోయాయి. గుడ్లన్నీ క్యాన్ మెడలో గడ్డకట్టుకొని ఉన్నాయి, తిరిగి నీరు వదిలితే గడ్డ మధ్యలోంచి ఒక కాలువ చేసుకొని పోయింది గాని గడ్డ కదలలేదు. పిల్లలైనవి 3,100. నాలుగో రోజుకు మిగిలినవి 900. వాటినే వదిలాం.

మార్పు: మూడో ట్యాంకును వెల్డింగ్ చేయించిన స్టాండు మీదికి ఎక్కించాను. 4,500 రూపాయలు. ఇక పంపు పని ట్యాంకును నింపడమే, జాడీలకు నీరు వాలు మీద దిగుతుంది. ఎనిమిది జాడీలకు గంటకు 576 లీటర్లు కావాలి కాబట్టి నిండు ట్యాంకు గంటన్నరకు పైగా నిలుస్తుంది. ఇది ముందే చేసి ఉంటే బ్యాటరీ అవసరమే ఉండేది కాదు.

*ఆరో ప్రయత్నం, ఆగస్టు 12.* ఎగువన వానలకు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు దగ్గరపడుతోందని, చిన్న పడవలు దిగవద్దని చాటింపు వేశారు. మేము దిగలేదు. గట్టు నుంచి వేసిన వలలో పడిన చేపను తెచ్చి ఇచ్చారు గాని అప్పటికే అది చచ్చి గంట దాటింది. గుడ్లు 44,000, ఫలదీకరణ 31 శాతం, అంటే సుమారు 13,600. జాడీకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగింటిలో పోశాను. పిల్లలైనవి 5,200. వదిలినవి 2,100. చేప పాడైనా జాడీ సరిగ్గా పనిచేస్తుందని ఇక్కడ రుజువైంది.

*ఏడో ప్రయత్నం, ఆగస్టు 29.* ఒకే సాయంత్రం రెండు పండిన ఆడచేపలు, మూడు పోతులు. గుడ్లు 1,18,000, ఫలదీకరణ 72 శాతం, సుమారు 85,000. ఎనిమిది జాడీల్లో వందేసి మిల్లీలీటర్లు. నీటి వేడి 28 డిగ్రీలు. ఆక్సిజన్ లీటరుకు 6.2 మిల్లీగ్రాములు. పాలు కలిపింది సాయంత్రం 6.40కి.

ఆ రాత్రి నిద్రపోలేదు కాబట్టి గంట గంటకూ చూడగలిగాను. గుడ్లను గాజు గిన్నెలో వేసి, కింద టార్చి పెట్టి, గడియారాల రిపేరు చేసేవారు కంటికి పెట్టుకొనే భూతద్దంతో చూశాను. అర్ధరాత్రికి గుడ్డు లోపల పచ్చసొన మీద ఒక పక్కన టోపీలా కప్పు కనిపించింది. తెల్లవారేసరికి ఆ కప్పు సొన చుట్టూ వంగిన సన్నని గీతగా మారింది. ఉదయం 9 గంటలకు ఆ గీత ఒక చివర ఉండుండి కొట్టుకోసాగింది. మొదట నిమిషానికి ఒకసారి, 11 గంటలకు ఆగకుండా. మధ్యాహ్నం 1.10కి, అంటే పద్దెనిమిదిన్నర గంటలకు, మొదటి పిల్ల తోకతో పొర చీల్చుకొని బయటపడింది. కళ్లు ఇంకా నల్లబడలేదు. ఒళ్లంతా గాజులా ఉండి పొట్ట కింద సొన సంచి మాత్రం కనిపిస్తుంది. పైకి నాలుగు వేళ్లెత్తు ఎగబాకి, కదలిక ఆపి, తల కిందుగా దిగిపోయి, మళ్లీ ఎగబాకుతుంది. సాయంత్రం 4 గంటలకల్లా దాదాపు అన్నీ బయటికి వచ్చాయి.

సంబరం గంటలో ఆగింది. ఖాళీ పొరలు నురగలా పైకి చేరి మెష్‌ను మూసేశాయి, నీరు అంచు దాటి కారసాగింది. ఆక్సిజన్ 4.1కి దిగింది. నురగను గరిటెతో తీసివేస్తూ, మెష్‌ను బయటి వైపు నుంచి పెయింటు బ్రష్షుతో తుడుస్తూ రాత్రి 8 దాకా ఇద్దరం నిలబడ్డాం. తర్వాత పిల్లలను జాడీల నుంచి సైఫను పైపుతో తీసి, వెడల్పాటి టబ్బుల్లోకి మార్చాను. పిల్లలైన మూడు గంటలలోపు టబ్బుకు మార్చాలని అప్పుడే నోటు రాసుకున్నాను.

పిల్లల లెక్క 61,000. ఐదో రోజుకు 23,500. మధ్యలో పోయినవాటిలో ఎక్కువ భాగం మూడు, నాలుగు రోజుల్లో, సొన అయిపోయి మేత పట్టవలసిన సమయంలో పోయాయి. క్లోరెల్లా అనే సూక్ష్మ నాచు పెంచిన పచ్చనీటిని, అందులో పెరిగిన రోటిఫర్లనే సూక్ష్మజీవులను రెండో రోజు సాయంత్రం నుంచే ఇచ్చాను. రొయ్య పిల్లలకు ఇచ్చిన అలవాటు మీద మోతాదు ఎక్కువైందనుకుంటాను, టబ్బు అడుగున పేరుకొన్న ఆకుపచ్చ మడ్డిలో చచ్చిన పిల్లలు దొరికాయి. ఈ అంకాన్ని నేను ఇంకా గెలవలేదు.

వదలడం: సాయంత్రం, లంక పక్కన నీరు నెమ్మదిగా ఉండే చిన్న పాయలో, తుంగ దుబ్బుల నీడన. టబ్బు నీటిలో నది నీటిని ముంతతో కొద్దికొద్దిగా కలుపుతూ అరగంట ఆగాం. ఒక్కసారిగా ఒంపితే ఒండ్రు నీటికి తట్టుకోలేక తెల్లబడిపోవడం ఆరో ప్రయత్నంలో చూశాం. బాబాయి ఆ పాయలో ఒక వారం సన్నకన్ను వల వేయవద్దని పక్క పడవలవారికి చెప్పాడు. ముగ్గురు విన్నారు, ఒకాయన వినలేదు.

ఈ అంకెలు చూసి నదిలో పులస పెరిగిపోతుందని ఎవరూ భ్రమపడకూడదు. ఒక్క పెద్ద ఆడచేప కడుపులోనే పది లక్షలకు పైగా గుడ్లు ఉండగలవు. మేము వదిలినది దానిలో ముప్పై నలభయ్యో వంతు, అందులో సముద్రం దాకా చేరి తిరిగి వచ్చేవి ఎన్నో చెప్పే సాధనం నా దగ్గర లేదు. బ్యారేజీ కింద గుమిగూడిన చేప మీద ఎర్రనీటి రోజుల్లో నాలుగు వారాలు వలలు ఆపితే కలిగే మేలు నా ఎనిమిది క్యాన్ల మేలు కన్నా చాలా ఎక్కువని నా అభిప్రాయం. ఆ మాట పడవలో అన్నప్పుడు బాబాయి తెడ్డు ఆపి, "ఆ నాలుగు వారాలే గదండీ మా సంవత్సరం," అన్నాడు. నేను ఇంకేమీ అనలేదు.

*ఎనిమిదో ప్రయత్నం, సెప్టెంబర్ 11.* ఏడో ప్రయత్నంతో సీజన్ ముగిసిందనుకొని జాడీలు కడిగి బోర్లించాను. రాత్రి 9.30కి బాబాయి ఒక్కడే గట్టు ఎక్కి వచ్చాడు. చంకలో గోనెగుడ్డ చుట్టిన మట్టి చట్టి. పులస పులుసు కాచే చట్టినే కడిగి, ఎండలో ఆరబెట్టి పడవలో ఉంచుకొన్నాడట. నన్ను పిలిచే వ్యవధి లేక, తానే పిండి, రెండు పోతుల పాలు కలిపి, ఈకతో తిప్పి, నాలుగు నీళ్లు మార్చి తెచ్చాడు. ఈక ఇంకా చట్టి అంచుకు అంటుకొనే ఉంది. గుడ్లు 20,000. ఐదు గంటల తర్వాత నూటికి 64 తేటగా ఉన్నాయి. రెండు జాడీలు మళ్లీ నిలబెట్టాం. పిల్లలు 9,100, మేత సగానికి తగ్గించి ఇవ్వగా ఐదో రోజుకు 3,800. పరిహారం 3,000 మాత్రం లెక్క ప్రకారం పుచ్చుకున్నాడు, పోతులవి వదిలేశాడు.

సెప్టెంబర్ 17 నాటికి రెండు సీజన్ల మొత్తాలు:

- పిండిన గుడ్లు: 4,07,000
- జాడీల్లో అయిన పిల్లలు: 78,400
- నదికి వదిలినవి: 30,300
- ఖర్చు: మొదటి సీజన్, సామాను కలిపి 52,200, స్టాండు 4,500, రెండో సీజన్ పరిహారాలు 18,000, పడవ డీజిల్ 22 సాయంత్రాలకు 5,500. మొత్తం 80,200 రూపాయలు
- వదిలిన పిల్ల ఒక్కింటికి: 2 రూపాయల 65 పైసలు

జూలైలోపు చేయవలసినవి: టబ్బులకు అడుగు వాలు పెట్టించాలి, పచ్చనీటి మోతాదును కొలగ్లాసుతో ఖాయం చేయాలి, మిగిలిన మూడు పడవలకూ ఒక్కొక్క పొడి చట్టి, కోడి ఈక ఇవ్వాలి.